ఓబుళమ్మత్త కుట్టిన వెనక సీటు

మొన్న పుట్టపర్తి దగ్గర ఒక ఇంటి వసారాలో కూర్చుని పాత అంబాసిడర్ సీటు కోసి తెరిచాను. తెరవగానే కొబ్బరి పీచు వాసన గుప్పుమంది. ఏళ్ళ తరబడి చెమట, బీడీ పొగ, ఎర్రమట్టి దుమ్ము, తుప్పు అన్నీ కలిసి మగ్గిన వాసన. ఆ కారు ఆ ఇంటి పెద్దాయనదట. ఆయన పోయాక కొడుకు దాన్ని అమ్మకుండా, ఇంటి దగ్గరే పెట్టుకుని లోపలంతా కొత్తగా చేయించుకుంటున్నాడు. సీటు పనికి కదిరి నుంచి వచ్చేది ఆడమనిషి అని తెలిసి మొదట తటపటాయించాడు. నాకది అలవాటే. కానీ ఆ వాసనకు మాత్రం ఇన్నేళ్ళయినా అలవాటు పడలేదు. అది ముక్కుకు తగిలితే చేతిలో కత్తెర కాసేపు ఆగిపోతుంది, ఓబుళమ్మత్త ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

తొంభైల చివరి సంగతి ఇది. కదిరికి దగ్గరలో ఒక మెట్ట ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్త. విత్తిన శనక్కాయ భూమిలోనే మాడిపోతే మా ఆయన బెంగుళూరులో కట్టడం పనికి వెళ్ళి, నెలకోసారి వచ్చిపోయేవాడు. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టు మిషను మీద రవికలు కుడుతూ మా అత్తగారి దగ్గర ఉండేదాన్ని. పక్కిల్లే ఓబుళమ్మత్తది. ఆమె మాకు చుట్టం కాదు. ఊరి పెద్దవాళ్ళను కోడళ్ళు పిలిచే వరసలో అత్తా అన్నాను, అదే నిలిచిపోయింది. పొడుగాటి మనిషి. మాట తక్కువ, ఆ కాస్త మాటా ముఖం మీద కొట్టినట్టే ఉండేది. నేను మొదటిసారి కుట్టిచ్చిన రవికను తిరగేసి చూసి, పైన బాగుంది గానీ లోపల కంపచెట్లు మొలిచినట్టుందని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అయినా కూర్చుని లోపలి దారాలన్నీ కత్తిరించి మళ్ళీ కుట్టాను. ఈసారి తిరగేసి చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టని తర్వాత తెలిసింది.

ఆమె భర్త సంజీవప్ప మామ బాడుగకు అంబాసిడర్ తోలేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళికూతుళ్ళు అత్తారింటికి పోయినా, నొప్పులొచ్చిన ఆడవాళ్ళు ఆసుపత్రికి పోయినా ఆ కారులోనే. వాళ్ళకు ఒకతే కూతురు, భారతి. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలయ్యాక కదిరికి తీసుకుపోతే బిడ్డ అడ్డం తిరిగిందని, అనంతపురం తీసుకుపొమ్మని చెప్పారు. మామే తోలాడు. వెనక సీటులో తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న భారతి, ముదిగుబ్బ దాటాక మాట్లాడటం మానేసింది. లోపలి బిడ్డ కూడా దక్కలేదు. ఇదంతా నేను ఆ ఊరికి రాకముందే జరిగింది. మామ ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు. కారు వాళ్ళ దొడ్లో రేకుల కింద పట్ట కప్పుకుని నిలిచిపోయింది. దాని పక్కనుంచి పోయేటప్పుడు ఊరివాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు.

ఒక వేసవిలో పాము కరిచిన గొర్రెల కాపరిని ట్రాక్టరు మీద కదిరికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అతని తమ్ముడు మామ దగ్గరికి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా కారు వైపు చూసి వెళ్ళిపోయాడట. ఆ మరునాడే మామ పట్ట తీశాడు. ఇంజను సంగతి కదిరి మెకానిక్కు చూసుకున్నాడు. ఘోరమంతా లోపలే. ఎలుకలు పైకప్పు గుడ్డను జల్లెడ చేశాయి. తలుపుల అట్టలు ఉబ్బి ఊడి వేలాడుతున్నాయి. సీట్ల స్ప్రింగులు రెక్సిన్ చించుకుని బయటికి వచ్చాయి. వేరే ఊరికి పంపి చేయించే వీలు లేదు కాబట్టి ఇంటి దగ్గరే చేద్దామన్నాడు. కుట్టు మిషను ఉన్న పాపానికి నన్ను పిలిచాడు.

నాకు కారు సీటు కుట్టడం ఏం తెలుసు? పాత గుడ్డను కుట్టు కుట్టూ విప్పి, ముక్కలను నేల మీద పరిచి, వాటినే ఆది పెట్టుకుని కొత్తవి కత్తిరించాను. రెక్సిన్ మీద మిషను సూదులు పుల్లల్లా విరిగేవి. దళసరి చోట గోనె సంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో చేత్తోనే కుట్టాలని అత్త చూపించింది. పాత పీచు పారేయకుండా కడిగి ఎండబెడదామంది. తాగే నీళ్ళకు ట్యాంకరు కోసం కాచుకునే రోజుల్లో సీటు పీచు కడగడమేమిటని వీధి వీధంతా మమ్మల్ని ఆడిపోసుకుంది.  అత్త బట్టలు ఉతికిన నీళ్ళు పట్టిపెట్టి వాటితోనే కడిగింది. మిద్దె మీద ఆరబోసిన పీచును కాకులు గూళ్ళకు ఎత్తుకుపోతుంటే కర్ర పట్టుకుని కాపలా కాసింది. ఆ కర్రతో ఒకసారి పొరపాటున మామకే ఒకటి తగిలించింది కూడా. ఆమె నవ్విన గుర్తు నాకు ఆ ఒక్క రోజే ఉంది.

ముందు సీట్లు అయ్యాయి, తలుపులు అయ్యాయి, పైకప్పుకు కొత్త గుడ్డ లాగి బిగించాము. వెనక సీటు దగ్గరకు వచ్చేసరికి ఆమె కారు తలుపుకు అడ్డం నిలబడింది.

“దీన్ని ముట్టొద్దు.”

ఎలుకలు సగం తినేశాయని, వెనక సీటు లేకుండా రోగిని ఎక్కడ పడుకోబెట్టాలని మామ మెల్లగా నచ్చజెప్పబోయాడు.

“నా బిడ్డ ఆకరికి పండుకున్న చోటు ఇది,” అంది. “దీనికి కత్తి పెట్టేదుంటే నాకు పెట్టినాక పెట్టు.”

మామ నా వైపు చూశాడు. నేను కత్తెర తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ సీటు విప్పితే ఆమెకు కూతురి జాడ ఏదీ మిగలదు. విప్పకపోతే ఆ కారు ఎవరి ప్రాణానికీ అక్కరకు రాదు. రెండూ నిజమే. మామా అత్తా కొన్నాళ్ళు మాట్లాడుకోకుండా ఒకే పొయ్యి దగ్గర తిరిగారు. లోపలంతా కొత్తగా మెరుస్తున్న కారు, వెనక సీటు మీద పాత దుప్పటి కప్పుకుని దొడ్లో అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వాళ్ళ దొడ్లో మిగిలిన రెక్సిన్ ముక్కలు చుట్టిపెడుతుంటే, ఆ వాసనకు నాకు కడుపులో తిప్పి గోడ పక్కకు పరుగెత్తాను. తిరిగి చూస్తే ఓబుళమ్మత్త చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఎన్నో నెల అని అడిగింది. చెప్పాను. నా ముఖం చూసి, చెంబు నా చేతికిచ్చి లోపలికి పోయింది.

మరునాడు నేను నిద్ర లేచి దొడ్డి గోడ మీద నుంచి చూస్తే, ఆమె వెనక సీటును బయటికి ఈడ్చుకుని, దాని ముందు కూర్చుని కొడవలి మొనతో కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. గోడ దిగి పోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు రావద్దు. వట్టి మనిషివి కావు. ఇది నేనే చేస్తా.”

కడుపుతో ఉన్నవాళ్ళు ఆ సీటు ముట్టుకోకూడదని మా అత్తగారు కూడా గట్టిగా చెప్పింది. అందుకని నేను గోడకు ఇవతలే కూర్చుని కొలతలు చెప్పేదాన్ని, పైగుడ్డ మాత్రం మిషను మీద కుట్టి అందించాను. మిగిలిందంతా ఆమె చేతి పని. స్ప్రింగులకు గోనెపట్ట కట్టింది. దాని మీద కడిగిన పీచు పరిచింది. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్ళి ఒక బొంత తెచ్చింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి బొంతలు కుట్టుకోవడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. కానీ ఆ చీరలు భారతివి. చనిపోయినవాళ్ళ బట్టలు ఇంట్లో పెట్టుకోరు, ఊరి బయట వదిలేస్తారు. ఈమె పెట్టె అడుగున దాచుకుంది. ఎప్పుడు కూర్చుని కుట్టిందో మామకు కూడా తెలియనివ్వలేదు. ఆ బొంతను పీచు మీద పరిచి, అంచులు సర్ది, పైన రెక్సిన్ లాగి కుట్టడం మొదలుపెట్టింది. పురిటి నొప్పుల్లో చచ్చినదాని చీరలు లోపల ఉన్నాయని తెలిస్తే ఏ కడుపుతో ఉన్న మనిషీ ఆ కారెక్కదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను నోరు విప్పలేదు.

కుట్టు ముగిసే చోట ఆమె ముడి వేసి, ఆ ముడిని దబ్బనం మొనతో రెక్సిన్ కిందకు తోసింది. నేను చూస్తున్నానని తెలిసి తలెత్తకుండానే చెప్పింది.

“ముడి ఎప్పుడూ లోపలికే వెయ్యల్ల పాపా. కూచునేటోళ్ళకు తగలకూడదు.”

కారు తయారైంది. మామ జ్వరాలవాళ్ళను, ముసలివాళ్ళను కదిరికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పురిటి మనిషిని ఎక్కించుకునే పని మాత్రం ఆయనకు తగల్లేదు, నా వంతు వచ్చేదాకా. నా నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. మామ కారులోనే కదిరికి పోయాము, మా అత్తగారు నా పక్కన, ఓబుళమ్మత్త ముందు సీటులో. కదిరిలో చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, అనంతపురం తీసుకుపొమ్మన్నారు. అవే మాటలు. మామ కారు దగ్గరకు వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.  మా అత్తగారు వేరే బండి చూద్దామని ఏడుస్తోంది. అప్పుడు ఓబుళమ్మత్త వెనక తలుపు తీసి, కూతురు పోయిన రోజు తర్వాత మొదటిసారి ఆ సీటులో ఎక్కి కూర్చుంది. ఒడి చూపించి రమ్మంది.

ఆ దారి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తలుపు అద్దంలోంచి ఎండిన చేలు. మేము లాగి బిగించిన పైకప్పు గుడ్డ. నా వీపు కింద ఏముందో అత్తకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ముదిగుబ్బ దగ్గర కారు నెమ్మదించింది. మామ భుజాలు కదులుతున్నాయి. నాకు చచ్చేంత భయం వేసింది. నేనూ ఇక్కడే పోతానేమో అత్తా అన్నాను.

“నిలబెట్టొద్దు, పోనీ,” అని ఆమె ముందుకు గట్టిగా చెప్పింది. తర్వాత వంగి, నాకొక్కదానికే వినపడేటట్టు అంది. “భారతి కింద ఉండాది పాపా. నిన్ను పట్టుకోనుండాది. యాడికీ పోనియ్యదు.”

అనంతపురంలో ఆపరేషను చేశారు. కూతురు పుట్టింది. ఓబుళమ్మత్త బిడ్డను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఇవ్వలేదు. భారతి పేరు పెట్టుకుంటానని అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ పేరు దానిది, దాని దగ్గరే ఉండనీ అంది. ఆ తర్వాత ఆ సీటు మీద ఎంతమంది కాన్పులకు పోయి వచ్చారో నేను లెక్క పెట్టలేదు. ఆ కారులో పోతే మంచిదని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా తిరిగేవాళ్ళం. ఒకరిని చూసి ఒకరు నాకు సీటు పనులు చెప్పారు. ఆటోలు, జీపులు, బస్సులు. నా కూతురు నడక నేర్చేనాటికి నేను కదిరిలో చిన్న గది తీసుకుని ఇదే పని పెట్టుకున్నాను. కారణం ఓబుళమ్మత్తే.

తర్వాత అంబులెన్సులు వచ్చాయి, కారుకు పని తగ్గింది. ఓబుళమ్మత్త పోయిన రోజు కబురు అందగానే ఊరికి పరుగెత్తాను. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. సంజీవప్ప మామ నా దగ్గరకు వచ్చి, నీ కత్తెర తెచ్చినావా అని అడిగాడు. దొడ్లోకి తీసుకుపోయి వెనక సీటు చూపించాడు.

“విప్పు పాపా. అది లోపల పెట్టిన బొంత తియ్యి.”

మీకు తెలుసా మామా అన్నాను.

“అది కుట్టేటప్పుడే చూసినా. చూడనట్ల ఉండిపోయినా. ఇన్నేండ్లూ గుంత వస్తే నెమ్మదిగా తోల్లేదా నేను?”

ఆమె లోపలికి తోసిన ముడులు ఒక్కొక్కటే వెతికి కత్తిరించాను. అన్నిటికంటే గట్టిగా ఉన్నవి అవే. బొంత చీరల రంగులు కొంచెం కూడా పోలేదు. దాన్ని ఆమె మీద కప్పి మట్టి చేశాము. ఊరివాళ్ళు పాత బొంత ఎందుకన్నారు. మామ ఆమెకు చలి ఎక్కువ అని చెప్పాడు.

పుట్టపర్తి అబ్బాయి సీటు మీద కొత్త పీచు పరిచాక, పైగుడ్డ వేసేముందు అతన్ని పిలిచాను. నాన్నగారివి ఏమన్నా లోపల పెట్టుకుంటారా అని అడిగాను. ఇది నేను అందరినీ అడిగే మాటే. చాలామంది నవ్వి వద్దంటారు. అతనూ నవ్వాడు. కానీ ఇంట్లోకి వెళ్ళి, మడతపెట్టిన తెల్ల తువ్వాలు ఒకటి తెచ్చాడు. ఉతికినది కాదు, ఉతకబుద్ధి కాలేదన్నాడు. దాన్ని పీచు మీద పరిచి, అంచులు సర్ది, రెక్సిన్ లాగి కుట్టాను. చివరి ముడి వేసి దబ్బనంతో లోపలికి తోశాను. అతను కారెక్కి, తండ్రి కూర్చునే చోట కూర్చున్నాడు. వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏమన్నా తగులుతోందా నాయనా అని అడిగాను.

“లేదమ్మా,” అన్నాడు. “ఏమీ తగల్లేదు.”