గడ్డి మీద పోసిన చెరువు మట్టి

నిరుడు మృగశిర కార్తె వచ్చిన ఆదివారం, పొద్దున ఆరున్నరకు, పక్కింటి పెద్దాయన తన ఇంటి ముందు గడ్డిలో జారి పడ్డాడు. అందుకు కారణం నేను. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక. యాభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు. నిన్న మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కుంట ఎండింది. ఈసారి గూడ ఓ ట్రాక్టర్ మట్టి తోలాల్నా?" అని హుషారుగా అడిగాడు. వద్దని పెట్టేశాను. పెట్టేశాక అన్నం సహించలేదు.

మాది గుండ్లపోచంపల్లి. పొలం ప్లాట్లయిపోయాక కొంపల్లిలో, ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పక్కింటివాళ్లది తణుకు వైపు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టేంత జాగాలో గడ్డి పెంచారు. మొదట్లో అది చూస్తే నాకు నవ్వొచ్చేది. వయసంతా వరిలో గడ్డి పీకిన చేతులు నావి. కలుపు సరిగా తీయలేదని మా అత్త చేత తిట్లు తిన్నాను. ఇక్కడేమో కలుపుకే ట్యాంకర్ నీళ్లు పెట్టి, నెలనెలా క్షవరం చేయించి, మీద తొక్కొద్దని పిల్లల్ని కసురుతున్నారు. "గిదంత కోసి బర్రెకన్నా ఎయ్యరాదు బిడ్డా?" అని ఆ ఇంటామెను అడిగితే, ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

తరువాత ఆ పిల్ల తండ్రికి పక్షవాతం వచ్చి, ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నారు. అప్పుడు ఆ గడ్డి విలువ నాకు తెలిసింది. బండల మీద నడవమంటే ఆయనకు భయం. గడ్డి మీదయితే పడినా దెబ్బ తగలదని, చెప్పులు విప్పి, గోడ పట్టుకుని, కుడికాలు ఈడుస్తూ రోజూ పొద్దున్నే ఆ కొసకూ ఈ కొసకూ తిరిగేవాడు. రైలు గార్డుగా చేసిన మనిషి. కొసకు చేరి వెనక్కి తిరిగే ముందు తనకు తానే ఓ ఈల వేసుకునేవాడు. మా వంటింట్లోకి వినబడేది ఆ ఈల. శివరాత్రి నాటికి గోడ వదిలేశాడు. "ఉగాదికి మీ ఇంటికొచ్చి కాఫీ తాగుతానమ్మా, పాలు మంచివి తెప్పించండి" అన్నాడు. అన్నట్టే గేటు దాటి, మా మెట్లెక్కి వచ్చి, తాగి, నడిచే వెళ్లాడు. వీధిలో నిలబడి ఆయన కూతురు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఎండలు ముదిరాక గడ్డి పసుపెక్కింది. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపి, గడ్డి కొసలు కనబడేటట్టు పలచగా చల్లమని నర్సరీవాళ్లు చెప్పారట. నాకు మండింది. "ఇసుక తిని ఏం మొలుస్తది బిడ్డా? చెరువు మట్టి పొయ్యాలె" అన్నాను. మా దగ్గర ఎండాకాలం కుంటలు ఎండితే ఆ మట్టి తోలి పొలాలకు పోస్తాం. మట్టి పోసిన మడి, పోయని మడి దూరం నుంచే తెలిసిపోతాయి. పెద్దాయన కుర్చీలోంచి నెమ్మదిగా అడిగాడు.

"ఒండ్రు బరువు కదమ్మా, గడ్డికి ఊపిరాడుతుందంటారా?"

"పుట్టిన కాన్నుంచి ఎవుసం జేసిన. గింత గడ్డికి నువ్వేం ఫికరు జేయకే అన్నా."

ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు. ఇక ఎవరు మాట్లాడతారు? శామీర్‌పేట దిక్కునున్న కుంట నుంచి మా తమ్ముడు మట్టి తెచ్చి గుమ్మరించాడు. నేనే పార పట్టి బెత్తెడు మందాన సరిచేశాను. మధ్యలో ఆ పిల్ల టీ తెచ్చి, "గడ్డి కనబడట్లేదు పిన్నిగారూ" అంది. "వానొస్తే అదే లేస్తది, చూడు" అన్నాను. పొలంలో పోసిన మట్టిని దున్ని కిందికి మీదికి కలుపుతాం. గడ్డిని దున్నలేం కదా. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

శనివారం సాయంత్రం మొదటి వాన పడింది. తెల్లవారి నేను మా గోడ దగ్గర పళ్లు తోముకుంటూ, ఆ నల్లమట్టిని చూసి మురిసిపోతున్నాను. పెద్దాయన చెప్పులు విప్పి, గట్టు మీద నిలబడి సందేహించాడు. "రా అన్నా, ఇయ్యాల కాళ్లకు సల్లగుంటది" అన్నాను. రెండో అడుగుకే మడిలో జారినట్టు జారాడు.

ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. కానీ ఆయన మళ్లీ గడ్డి మీద కాలు పెట్టలేదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అంతే. ఆ పిల్లేమో "మంచికే చేశారు కదా పిన్నిగారూ" అంది. తిట్టి ఉంటే తిరిగి నేనూ ఓ మాట అని ఇంట్లోకొచ్చి పడుకునేదాన్ని. వానలకు గడ్డి మురిగింది, మట్టితో వచ్చిన తుంగ లేచింది. తుంగ నేలలోపల గడ్డ పెడుతుంది, పైన పీకితే పోదు. వానాకాలమంతా కలుపు తీసే కుర్పి పట్టుకుని అక్కడే కూర్చుని గడ్డలు తవ్వాను, మట్టి గీకి తీశాను. వానలు తగ్గాక ఇసుక, ఎర్రమట్టి పోయించి కొత్త గడ్డి నాటించాం. చలికాలంలో మంచుకు తడిసి అది పట్టుకుంది. ఇప్పుడు మునుపటికన్నా ఒత్తుగా ఉంది.

మొన్న బతిమాలాను. "ఒక్కసారి దిగే అన్నా, నేను చెయ్యి పట్టుకుంట."

"గడ్డి బాగా కుదురుకుందమ్మా" అన్నాడాయన. "దానికి వయసు లేదు కదా."

కాఫీ ఇప్పుడు నేనే పట్టుకుపోతాను. గ్లాసు ఆయన చేతికిచ్చేటప్పుడు మొహం చూడను, చెయ్యే చూస్తాను.

మళ్లీ మృగశిర వస్తోంది. కార్తెలు పొలానికి తిరిగొచ్చినట్టు మనిషికి తిరిగి రావు. ఆ ఆదివారం పొద్దున అక్కడ ఉన్నది వీళ్లు: బురదలో వెల్లకిలా పడిన పెద్దాయన, తువ్వాలుతో ఉరికొచ్చిన ఆయన కూతురు, చంకల కింద చేతులు వేసి లేపిన అల్లుడు, గేటు వదిలి పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్, గోడ ఇవతల నుంచి రమ్మని పిలిచిన నేను.