వదులు తీగల మీద అప్ప పాట

మొన్న మద్దిలపాలెం డిపో ఎదుట టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. ఏదో ఇంటర్నెట్ పత్రిక నుంచి ఒక అమ్మాయి. "ఈ మధ్య మీరు చేసిన ప్రాజెక్టుల గురించి, రాబోయే ఆల్బమ్ గురించి కొంచెం చెప్తారా సర్?" అంది. బస్సుల హారన్ల మధ్య ఒక చెవి మూసుకుని చెప్పుకొచ్చాను. పోయిన ఆల్బమ్‌లో హార్బర్‌లోకి వచ్చే ఓడ కూతను రికార్డు చేసి వాడుకున్నాం. తర్వాత ఒక షార్ట్ ఫిల్మ్‌కి గిటార్ వాయించాను, అది ఎవరూ చూడలేదు. ఇప్పుడు కొత్త ఆల్బమ్ దాదాపు అయిపోయింది. చివరి పాటలో ఒక గెస్ట్ సింగర్ ఉన్నారు.

"ఎవరు సర్? ఏ బ్యాండ్?"

"బ్యాండ్ కాదండీ, పెందుర్తి" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, ఇన్‌ఫ్లుయెన్సుల గురించి అడిగింది. నేను కూడా ఏవో చెప్పి పెట్టేశాను. కానీ టీ చల్లారిపోయాక అనిపించింది, అసలు చెప్పాల్సింది ఆ ఒక్క పాట గురించే కదా అని. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పోర్టులో ఉద్యోగిని. నలభై దగ్గర పడుతున్నా హెవీ మెటల్ గిటార్ వాయిస్తాను. ఈ రెండు మాటలు ఒకే నోటితో చెబితే మా బంధువుల్లో చాలామంది మొదటిదే వింటారు. మా బ్యాండ్‌లో ముగ్గురం. డ్రమ్స్ వాయించేవాడు రిఫైనరీలో పైపుల పని చేస్తాడు. మా రికార్డింగూ మిక్సింగూ అతనే, గొంతు చించుకుని అరిచేదీ అతనే. నన్ను బావా అంటాడు, నేనూ అంతే. బేస్ వాయించేవాడు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటాడు, నోరు విప్పడు. మల్కాపురంలో ఒక డాబా మీది రేకుల గదిలో గోడల నిండా గుడ్ల అట్టలు అతికించి, దాన్ని స్టూడియో అని పిలుచుకుంటాం. కింద పోర్షన్లో ఉండే పెద్దావిడ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆ బాబుకి కడుపునొప్పేటి, ఆదోరం ఆదోరం అలగ మూలుగుతన్నాడు, డాట్రుకి సూపించండి" అంది. మా సంగీతం మీద వచ్చిన సమీక్షల్లో అంత ప్రేమగా రాసింది ఇంకొకటి లేదు.

ఇక మా అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. నాకంటే చాలా పెద్దది. నాన్నకు స్టీల్‌ప్లాంటులో పని దొరికి మేం సిటీకి రాకముందు, ఊళ్ళో అమ్మతోపాటు ఊడుపులకు వెళ్ళేది. వరినాట్లను మేం ఊడుపులంటాం. పాటలన్నీ ఆ బురదలోనే నేర్చుకుంది. పెళ్ళయి పెందుర్తి వెళ్ళాక అక్కడి కాలనీ రామకోవెలలో ఆడవాళ్ళ భజనకు ముందు గొంతు ఆవిడదే. తాళం నేర్పిందీ నాకు ఆవిడే. చిన్నప్పుడు నా చేతికి చిడతలిచ్చి కూర్చోబెట్టేది, తప్పితే నెత్తిన మొట్టేది. ఇప్పటికీ డ్రమ్స్ కాస్త పరిగెత్తితే ముందు నా మాడు చురుక్కుమంటుంది.

అలాంటి అప్పకు మెడలో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేశారు, గండం గడిచింది. గొంతు మాత్రం కిందికి దిగిపోయింది. కొంచెం బొంగురు, కొంచెం గాలి. డాక్టరు ఇలా జరగొచ్చని ముందే చెప్పాడు, ఎవర్నీ అనడానికి లేదు. కోవెల హార్మోనియం ఎప్పుడూ ఒకే శృతి మీద మొదలవుతుంది. ఆ శృతి అప్పకు ఇక అందదు. పెట్టె శృతిని ఆవిడ కోసం కిందికి దించితే మిగతా ఆడవాళ్ళకు పాడటానికి కుదరదు. ఒక శనివారం వెళ్ళింది, రెండో చరణం దగ్గర ఆగిపోయింది, ప్రసాదం తీసుకోకుండా ఇంటికి వచ్చేసింది. అప్పట్నుంచి ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పులంటుంది. అవే మోకాళ్ళతో మూడో అంతస్తు ఎక్కి వడియాలు పెడుతుంది.

ఆల్బమ్ ఏమైపోయినా ఫర్వాలేదు, మా అప్ప మళ్ళీ నోరు తెరిచి పాడితే చాలు అనిపించేది నాకు. మనసులో ఉన్న మాట అదే. పైకి మాత్రం ఆవిడ దగ్గర ఆ ఊసే ఎత్తేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం పెందుర్తి వెళ్ళాను. అప్ప పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని చేపలు తోముతోంది. నేను వచ్చింది చూసుకోలేదు. చిన్నగా, తనలో తను, అమ్మ పాడే ఊడుపుల పాట పాడుకుంటోంది. ఆ పాట ఎవరు కట్టారో మాకు తెలియదు. ఒక ముక్క పాడుతుంది, ఆగుతుంది, చేప తిరగేస్తుంది, ఇంకో ముక్క పాడుతుంది. గుమ్మం చాటునుంచే ఫోన్లో రికార్డు చేసుకున్నాను.

డ్రమ్స్ బావకు వినిపిస్తే ఇంకోసారి పెట్టమన్నాడు. "బావా, ఇది మన ఆల్బమ్‌లో ఉండాల" అన్నాడు. మళ్ళీ తనే, "గాని అప్ప ఈ గొంతు బయట ఇనిపించనిత్తాదేటి? కంప్యూటర్లో పాత శృతికి లేపీదునా? ఆ బొంగురు కూడా తీసీగలను" అన్నాడు. నాకు అది గొప్ప ఆలోచనగా తోచింది. పోయిన గొంతును తెచ్చి ఆవిడ చేతిలో పెడతాం, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. అతను వారమంతా డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాడు. శృతి లేపాడు, గరుకు తీశాడు, కుళాయి చప్పుడు తీశాడు. "మజ్జిలో కాళీలెక్కువున్నాయి బావా, అవి కోసీసి దగ్గరికి సేర్సీసినాను" అన్నాడు. వింటే అచ్చం ఆపరేషన్‌కు ముందు అప్పే.

కొత్త చీర తెచ్చినవాడిలా వెళ్ళి ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. వింది. మొదట నవ్వింది, తర్వాత నవ్వు పోయింది. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవుల్రా ఇది?"

"నువ్వే అప్పా."

"నాను కాదు. నా గొంతు ఇలగుందేటి ఇప్పుడు?" అంది. తర్వాత మెల్లగా, "అంటే ఇప్పుడున్న గొంతు నీకూ అక్కర్నేదన్నమాట" అంది.

కోపంగా అని ఉంటే బతిమాలుకునేవాణ్ణి. మామూలుగా అంది. నాకు ఏడుపొచ్చింది, అయినా ఆవిడ ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. బస్సెక్కి వచ్చేశాను. ఆ రికార్డింగు చెరిపెయ్యమని బావకు చెప్పాను. నేను తీసిన అసలుది మాత్రం నా ఫోన్లోనే ఉంచుకున్నాను.

కొన్ని వారాలు అప్ప నాకు ఫోన్ చేయలేదు. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మల్కాపురంలో మా గది గుమ్మంలో నిలబడింది. "కోపం నీ మీదే, తిండి మీద కాదు. తినండి ముందు" అంది. చేపల పులుసు. ముగ్గురం తిన్నాం, ఆవిడా మాతోపాటే తింది. తర్వాత రికార్డింగు కోసం ఫ్యాను ఆపాం. చెమటలు కారుతున్నాయి. చెవులు మూసుకోమని అప్పకు చెప్పి, నేను గిటార్ తీగలు సర్దుకుంటున్నాను.

"తీగలన్నీ అలగ వదులు సేత్తన్నావేటిరా? ఊడిపోవా?"

"మా పాటలన్నీ కింద శృతిలోనే అప్పా. కిందికి దించితేనే బరువుంటాది."

"ఎంత కింద?"

లావు తీగను ఒక్కసారి మీటాను. గదంతా నెమ్మదిగా మోగింది. శృతి ఎక్కడుందో చూడటం ఆవిడకు అలవాటు కదా, అనాలోచితంగా దాన్ని అందుకుని కూనిరాగం తీసింది. గొంతు సరిగ్గా అక్కడే నిలబడింది. చీలలేదు, జారలేదు. పాత ఇంట్లో కూర్చున్నట్టు హాయిగా ఉంది. నేను తలెత్తి చూడలేదు, చూస్తే మానేస్తుందని భయం. తీగను ఆగకుండా మీటుతూ ఉన్నాను. ఆవిడ గొంతును పైకి లేపడానికి ఒక వారం తంటాలు పడ్డాం గానీ, మేం ఇన్నేళ్ళుగా కిందనే కూర్చుని ఉన్నామన్న సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

"పాడప్పా" అన్నాను.

"నీసు తిన్నాను. దేవుడి పాట పాడకూడదు."

"ఊడుపుల పాటకి నీసేటప్పా" అన్నాడు బావ, పళ్ళెం కూడా కడగకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటూ. "బురదలో పీతలు పట్టుకుంటా పాడీవోరు కదేటి."

అప్ప నవ్వింది. కొంగు మెడ చుట్టూ సర్దుకుని ఆ గుడ్ల అట్టల గోడకేసి తిరిగి పాట ఎత్తుకుంది. మొదటి ముక్క పాడింది. ఆగింది. తీగ మోగుతోంది. ఆవిడ ఇంకా ఆగే ఉంది. అలిసిపోయిందనుకుని బావ రికార్డింగు ఆపాడు.

"ఆగిపోనావేటప్పా?"

"నానాగడవేటి? మీరందుకోవాల. ఊడుపుల్లో ఒక్కర్తీ పాడతాదేటి? ముందు నాను, ఎనక వరసలో ఆడోల్లంతా." అని నా వైపు తిరిగి, "ఇన్నావు కదరా అమ్మ పాడితే" అంది.

బావ నా వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కుళాయి దగ్గరి పాటలో మేం కోసి పారేసిన ఖాళీలు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడి ఫోన్లో ఉన్నది మళ్ళీ విన్నాను. ప్రతి ముక్క తర్వాతా ఒకే నిడివి ఖాళీ. చేప తిరగెయ్యడానికి ఆగిందనుకున్నాను నేను. ఎవరూ లేని పెరట్లో కూడా మా అప్ప వెనక వరసకు చోటు వదిలి పాడుకుంది. ప్రతిసారీ ఆగి, వాళ్ళు పాడేంతసేపూ ఉండి, అప్పుడు ముందుకు వెళ్ళింది. ఈసారి ఏడుపు ఆపుకోలేదు. మొహం కడుక్కుని లోపలికి వచ్చాను.

మళ్ళీ మొదలుపెట్టాం. అప్ప ఒక ముక్క పాడి ఆగింది. మేం ముగ్గురం అందుకున్నాం. నోరు విప్పని బేస్ వాడు కూడా. ఆవిడ గొంతు ఎక్కడ చెదురుతుందోనని, రేకులు ఎగిరిపోయేలా అరిచే మేం గొణిగినట్టు, పక్కన పసిపాప పడుకున్నట్టు పాడాం. అప్ప చెయ్యి పైకెత్తి ఆపింది. బావ నెత్తిన ఒకటి మొట్టింది, తర్వాత నాకూ ఒకటి.

"అదేట్రా అలగ గొణుగుతారు? మల్లీ. ఈపాలి గట్టిగా పాడండి. నా ఎనక మీరున్నారో నేదో నాకు తెలవాల కదా."

ఇన్నేళ్ళలో మమ్మల్ని గట్టిగా పాడమని అడిగిన మనిషి మా అప్ప ఒక్కతే. పాడాం.