హిజ్రీ గడువు, ఎంబ్రాయిడరీ మిషను

కాగితం జేబులో ఉంటే వస్తువు ఇంట్లో ఉన్నట్టేనని నమ్మిన వయసు నాది, సౌదీలోని అల్ ఖోబర్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరిన ఆ కొత్తలో. (ఆ కాగితాన్ని చదవాలని మాత్రం తోచేది కాదు.) ఊళ్లో మా ఆవిడ కుట్టుపని నేర్చుకుంటే, ఎంబ్రాయిడరీ మిషను పంపుతానని మాటిచ్చాను. దుకాణంలో సగం డబ్బు కడితే నా పేరు రాసి పక్కన పెట్టారు. మిగతాది గడువులోగా కట్టాలి. నెల పేరు అరబ్బీలో ఉంది, అంకె పదిహేను. పదో తేదీకల్లా జీతం వస్తుంది కదా అని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను.

పద్నాలుగో తేదీన, ఒకరోజు ముందే వచ్చానన్న గర్వంతో దుకాణంలో అడుగుపెడితే, నా మిషను అమ్మకానికి పెట్టి ఉంది. పక్కనే ఒక పాకిస్తానీ డ్రైవర్ దాని చక్రం తిప్పి చూస్తున్నాడు.

"భాయ్, ఆప్‌కీ తారీఖ్ నికల్ గయీ," అన్నాడు సేల్స్‌మన్. అది హిజ్రీ నెల, అంటే చంద్రుణ్ణి బట్టి లెక్కించే ముస్లిం క్యాలెండరు నెల, పదిహేనట. దాటిపోయి పది రోజులైందట. మూడుసార్లు ఫోన్ కూడా చేశారట. (కొత్త నంబర్లన్నీ దొంగలవేనని నేను ఎత్తలేదు.)

అప్పుడే ఆ డ్రైవర్ డబ్బు తీసుకొస్తానంటూ ఏటీఎంకు వెళ్లాడు. సేల్స్‌మన్ జాలిపడి కాగితం చివరి వరుస చూపించాడు: వేరొకరికి బిల్లు కాకముందే వస్తే, యాభై రియాళ్లు అదనంగా కట్టి తీసుకెళ్లవచ్చు. నా దగ్గర మిగతా సగమే ఉంది.

బయటికి ఒకటే పరుగు. మా గదిలోనే ఉండే జగిత్యాల మామ, నన్ను తీసుకొచ్చిన బండిలో కూర్చొని షవర్మా తింటున్నాడు.

"మామా, యాభై రియాల్ ఇయ్యే, జల్ది."

"ఏమైందిరా, పోలీసులు పట్టిన్రా?"

"మిషన్ పోతున్నదే."

"కాయితం సదువలేదా?"

"సదివిన, అంకె ఒక్కటే."

మామ నవ్వుతూనే, జిడ్డుచేత్తో నోటు తీసిచ్చాడు. నా బిల్లు బయటికొస్తుండగా డ్రైవర్ తిరిగొచ్చాడు. సంగతి విని ఒక క్షణం ముఖం మాడ్చుకున్నా, "ఘర్‌వాలీ కే లియే?" అని మా ఆవిడ కోసమేనా అన్నట్టు అడిగి, తనే ఒక పక్క పట్టుకుని, పెట్టెలో సర్దిన మిషనును బండిదాకా మోశాడు.

వెనక పెట్టమని మామ ఎంత చెప్పినా వినకుండా, గది చేరేదాకా ఆ పెట్టెను ఒళ్లోనే పెట్టుకున్నాను. కాళ్లు రెండూ తిమ్మిరెక్కి దిగలేకపోతే, మామ ముందు మిషనును దింపి, తర్వాత నన్ను దింపాడు. ఇప్పుడు ప్రతి కాగితమూ రెండుసార్లు చదివి సంతకం పెడుతున్నాను, కానీ ఏ వస్తువునూ అలా ఒళ్లో పెట్టుకోవాలనిపించడం లేదు.