వంశీ పెళ్లికి కదిలిన అంబాసిడర్

మేడ్చల్‌లో రేడియేటర్లు బాగుచేసే ఇనాయతుల్లాకు కోపం తెప్పించాలంటే ఒక్క మాట చాలు: "పాతది పారేసి కొత్తది వెయ్యి." రావల్కోల్ ఊరి భాస్కర్ పటేల్ ఇంటి అంబాసిడర్‌కు ముప్పై అయిదేళ్లుగా ఆయనే వైద్యుడు. కారు కొన్న భాస్కర్ తండ్రి పోయినా, ఆయన భార్య బుచ్చవ్వ దాన్ని అమ్మనివ్వలేదు. మనవడు వంశీ పెళ్లికొడుకై అందులోనే వెళ్లాలని ఆమె పట్టుబట్టింది.

భాస్కర్‌కేమో ఒకటే గుబులు. పెళ్లికొడుకు బండి నడిరోడ్డు మీద ఆగితే అపశకునమని అందరూ అంటారు.

"ఆగది పటేలా. నాది జబాన్, మాట తప్ప," అన్నాడు ఇనాయతుల్లా.

అని ఊరుకున్నాడా? రేడియేటర్ విప్పి, గొట్టాల్లో సన్న చువ్వ ఆడించి తుప్పంతా దులిపాడు. కారేచోట టంకం పెట్టాడు. శామీర్‌పేట దాకా రెండుసార్లు తోలి చూస్తే, వేడి చూపించే ముల్లు కదిలితే ఒట్టు. ఇంకేం, మీసం దువ్వుకున్నాడు.

పెళ్లిరోజు స్టీరింగ్ కూడా ఆయనదే. మే నెల ఎండ. ఫంక్షన్ హాలు ఇంకో కిలోమీటరు ఉందనగా బ్యాండు మొదలైంది. కారు ముందు చుట్టాలు ఎగురుతుంటే బండిది చీమనడక అయింది. ముల్లు లేచింది. ఇనాయతుల్లా నాలుక కరుచుకున్నాడు. గాలిని చీల్చుకుంటూ తోలి పరీక్ష చేశాడే గానీ, బరాత్ ఊరేగింపు నడక సంగతి తట్టనే లేదు!

ఆపి దిగి చూస్తే, రేడియేటర్ ముందున్న జాలీ మూడు వరుసల బంతిదండల కింద మూసుకుపోయి ఉంది. లోపలికి గాలి వెళ్లే సందే లేదు. పొద్దున బుచ్చవ్వ వాటిని కడుతుంటే "మస్తున్నయి అవ్వా" అన్నది కూడా తనే.

భాస్కర్ చల్లనీళ్ల డబ్బాతో ఉరికొచ్చి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"వద్దు! మొకం కాలుతది. సల్లనీళ్లు పోస్తే ఇంజన్ పగులుతది," అని ఇనాయతుల్లా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత, కారు దిగి వచ్చిన బుచ్చవ్వ వైపు తిరిగాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "తప్పు నాదే అవ్వా. గీ దండలు తీస్తెనే బండి నడుస్తది. పెండ్లి బండి దండలు... తియ్యుమని నేనెట్ల చెప్పాలె?"

దండలు తెంపితే అశుభమని చుట్టూ ఆడవాళ్లు గుసగుసలాడారు. బుచ్చవ్వ ఎవరి మొహమూ చూడలేదు. వంగి, తన చేతులతోనే మూడు దండలూ తెంపేసింది.

"పూలు మల్ల తెచ్చుకుంటం. ఇగ నువ్వు కానియ్యి బిడ్డా."

ఆయన బానెట్ ఎత్తి ఇంజన్ చల్లారనిచ్చాడు. ఎగిరేవాళ్లను కారు వెనక్కి పంపి, రోడ్డు ఖాళీ చేయించి తోలాడు. ముల్లు దిగింది. ముహూర్తానికి ముందే బండి హాలు గుమ్మం ముందు ఆగింది.

ఆడపెళ్లివారు ఎర్రనీళ్ల పళ్లెంతో వంశీకి దిష్టి తీయబోయారు. బుచ్చవ్వ ఇనాయతుల్లా రెక్క పట్టుకుని లాక్కొచ్చి మనవడి పక్కన నిలబెట్టింది.

"గీయనకు గూడ తియ్యుండ్రి. తొవ్వ పొడుగునా అందరి కన్ను గీయన మీదనే ఉండె."