ఎర్రన్న తాగిన నీళ్లు

మా తాత పోయిన తర్వాత కోటబొమ్మాళి సంతలో ఒక మాట విన్నాను. వంకాయలు అమ్ముకునే ఆవిడ, పక్కన మిరపకాయల గోనె ముందు కూర్చున్న ఆవిడతో చెబుతోంది.

"తప్పెటగుళ్ల ఎర్రన్న లేడూ, ఎలిపోనాడంట. బావి నీళ్లు తాగొద్దు, కుళాయి నీళ్లే తాగండని ఊరూరా తిరిగి పాడినాడు కదా. ఇంటికెల్లి తను మాత్రం బావి నీళ్లే తాగీవోడంట!"

"ఓలమ్మా! మరి పాటెందుకు పాడినాడే?"

"సర్కారోడు డబ్బులిస్తే పాడడేటి? నీకిస్తే నువ్వూ పాడతావు."

"నా గొంతుకి ఎవుడిస్తాడే? ఊరుకోమని ఇస్తారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను ఏరిన వంకాయలు మళ్లీ గంపలో పెట్టేసి వచ్చేశాను.

ఎర్రన్న మా అమ్మకు నాన్న. అమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే ఉంటుంది. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయాక నన్ను తాత దగ్గర ఉంచింది. అమ్మమ్మ కూర్మమ్మకు మోకాళ్లు పట్టేశాయి. వంట, గొర్రెల పాక ఊడవడం నా పని. ఇంట్లో ఎక్కువ మాట్లాడేది అమ్మమ్మ. తాత నవ్వేవాడు. నేను చూసేదాన్ని.

తాత పొట్టి మనిషి. కాళ్లు కొంచెం వంకర. గొర్రెల వెనక కర్ర భుజాన పెట్టుకుని పోతుంటే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఆ మనిషే మెడలో తప్పెట వేసుకుంటే కళ్లు తిప్పుకోలేం. తప్పెట అంటే రేకుతో చేసిన గుండ్రటి వాయిద్యం. గుండెకు ఆనేలా మెడకు కట్టుకుంటారు. దాన్ని రెండు అరచేతులతో వాయిస్తూ, కాలి గజ్జెలు అదే దరువుకు మోగేలా గెంతుతూ పాడతారు. మా గొల్లలకు అది గంగమ్మ తల్లి కొలువు. జట్టుకు ఒక గురువు ఉంటాడు. పాట అతనే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. మా ఊరి జట్టుకు తాతే గురువు. తాత తర్వాత పాడగలిగినవాడు లక్ష్ముడు. అమ్మమ్మకు అన్న కొడుకు. తాతను మావా అని పిలిచేవాడు.

నాకు ఊహ తెలిసేసరికే జట్టు పలచబడిపోయింది. సగం మంది చెన్నై, హైదరాబాదు పనులకు వెళ్లిపోయారు. అదే రోజుల్లో మా వైపు కిడ్నీ జబ్బు కూడా పెరిగింది. నీళ్ల వల్ల వస్తోందో, ఇంకెందువల్ల వస్తోందో డాక్టర్లే తేల్చి చెప్పలేదు. అయినా బావుల నీళ్లు, బోరు నీళ్లు మానేసి, దూరం నుంచి శుభ్రం చేసి పైపుల్లో తెస్తున్న నీళ్లు తాగమని ప్రభుత్వం చెప్పింది. చాలా ఊళ్లలో కుళాయిలు వచ్చాయి. జనం ఆ నీళ్లతో గేదెల్ని కడిగేవారు. తాగడానికి బావికే వెళ్లేవారు. కుళాయి నీళ్లలో మందు వాసన వస్తుందని, పప్పుకి రుచి రాదని అనేవారు.

అప్పుడు రమేష్‌బాబు అనే కుర్ర ఉద్యోగి మా ఇంటికి వచ్చాడు. జానపద కళలకు ఇచ్చే గ్రాంటు, మంచినీళ్ల ప్రచారానికి ఇచ్చేది కలిపి ఒక కళాజాత పెడుతున్నారని, ఊరూరా తిరిగి తప్పెటగుళ్లు ఆడుతూ కుళాయి నీళ్ల గురించి చెప్పాలని అన్నాడు. వ్యాను వాళ్లదే. కొత్త తప్పెటలు, గజ్జెలు కూడా ఇస్తారు. పాట రాయించి తెచ్చాడు. చదివి వినిపించాడు. లీటరు నీటిలో ఏవేవి ఎంతెంత ఉండాలో అందులో ఉంది.

తాత అంతా విని తల గోక్కున్నాడు.

"బాబూ, ఈ ముక్కకి గెంతితే కాలు ఇరిగిపోతాది."

రమేష్‌బాబు నవ్వేశాడు. "నీకెలా వస్తే అలా పాడు తాతా. కుళాయి నీళ్లు అన్న మాట ఉంటే చాలు."

తాత గొర్రెల వెనక తిరుగుతూ పాట కట్టుకున్నాడు. మొదటి చరణం ఇది:

బావిలోన ఉన్నావు బంగారు గంగమ్మా
ఏ ఇసము కలిసినాదో నీ ఒంటికి తల్లీ
నీ కడుపు సల్లబడే దాకా మేమాగుతాము
కుళాయి గుమ్మంలోన కొలువుండు తల్లీ

లక్ష్ముడు విని, "ఏటి మావా, గంగమ్మకే జొరమొచ్చినట్టు పాడతన్నావు?" అన్నాడు.

"జొరమే కదరా. మన తల్లికి జబ్బు సేసినాది. బాగయ్యేదాకా తల్లి కాడ పాలు తాగకూడదు. అంతే."

చెన్నై వెళ్లిన వాళ్లలో కొందరు ఆ పాట కోసం తిరిగి వచ్చారు.

బయలుదేరే ముందు జట్టులో అందరికీ రక్తం పరీక్షలు చేశారు. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ అన్న మాట మా వైపు తెలియని ముసలమ్మ లేదు. తాతకు అది ఎక్కువ వచ్చింది. డాక్టరు మంచివాడు. కూర్చోబెట్టి చెప్పాడు. డయాలసిస్ దాకా రాలేదు, ఎండలో ఒళ్లు అలవనీయకు, శుభ్రమైన నీళ్లే తాగు, జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు అన్నాడు. అందుకే అమ్మమ్మ నన్ను జట్టు వెంట పంపింది. మాత్రలు వేయించడం, ఉప్పు లేని కూడు వండి పెట్టడం నా పని. రమేష్‌బాబు తాత కోసమని వ్యానులో నీళ్ల టిన్ను పెట్టించాడు.

కానీ మా జట్టుకు ఒక ఆచారం ఉంది. ఏ ఊళ్లో ఆడతారో ఆ ఊరి బావి నీళ్లు అక్కడి ఇల్లాలు ఒకావిడ చెంబుతో తెచ్చి గురువుకు ఇస్తుంది. గురువు అందరూ చూస్తుండగా తాగి, అప్పుడు తప్పెట కట్టుకుంటాడు. తప్పెట విప్పేదాకా ఆ ఊరి నీళ్లే తాగాలి, వేరే నీళ్లు ముట్టకూడదు. ఆ ఊరి గంగమ్మ గురువు గొంతులోకి వస్తే తప్ప పాట ఆ ఊరికి చెందదని మావాళ్ల నమ్మకం. ఇది రమేష్‌బాబుకు తెలియదు. తాత చెప్పలేదు.

మొదటి ఊరు శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఉంది. పొద్దు వాలుతోంది. జనం బాగా వచ్చారు. ఒకావిడ పసుపు రాసిన ఇత్తడి చెంబు పట్టుకుని వచ్చింది. తాత చేతులు చాచాడు. రమేష్‌బాబు మధ్యలోకి వచ్చి, "వద్దమ్మా, ఆయనకు ఒంట్లో బాగాలేదు. టిన్ను నీళ్లే తాగుతాడు" అన్నాడు. మంచికే అన్నాడు.

చెంబు పట్టుకున్న ఆవిడ అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి ఎవరో అన్నారు:

"మా నీళ్లు తాగనోడు మా గంగమ్మనేటి పిలుస్తాడు?"

"మన నీళ్లు ఇసమని సెప్పడానికొచ్చినోడు తాగుతాడేటి బావా! ఆళ్ల నీళ్లు ఆళ్లు డబ్బాలో తెచ్చుకున్నారు."

తాత ఆ నీళ్లు తాగకుండానే పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికే ఆడవాళ్లు లేచి వెళ్లడం మొదలుపెట్టారు. చివరికి చిన్నపిల్లలు, వ్యాను డ్రైవరు మిగిలారు. తిరిగి వస్తుంటే వ్యానులో లక్ష్ముడు తాత పక్కకు జరిగాడు.

"మావా, రేపటేల నుంచి నాను గురువునవుతాను. చెంబు నాను తాగుతాను. నువ్వు ఎనక నిలబడి అందుకో, సాలు."

"నీ నెత్తురు బాగున్నాదని సెప్పినాడు కదా డాక్టరు బాబు."

"బాగున్నాది. అందుకే కదా తాగుతానంటన్నాను."

"బాగున్న కిడ్నీల్ని పాడు సేసుకుంటావేట్రా ఎదవా? నావి ఎలాగూ పాడైపోనాయి. పాడైనోటినే పాడవనీ. నీకు ఇద్దరు ఆడపిల్లలు."

"ఒక చెంబుకేటవుతాది మావా?"

"ఒక చెంబుకేటీ అవదు. ఊరికో చెంబైతే అవుతాది. అందుకే నీకొద్దు."

లక్ష్ముడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక, ఇక నుంచి చెంబు తనే తాగుతాడన్న సంగతి తెలిసి అమ్మమ్మ గొంతెత్తింది. "నీకు పాట కావాల. నాను అక్కర్లేదు. మానీ! గొర్రెల్ని కాసుకో. గంగమ్మ నిన్నేటి అడగలేదు."

"మానేస్తే ఆళ్లు బావి నీళ్లే తాగుతారే."

"తాగనీ. ఆళ్ల మొగుళ్లు కాదు పోయేది, నా మొగుడు."

తాత పాకలోకి వెళ్లి గొర్రెల మధ్య కూర్చున్నాడు.

తర్వాతి ఊళ్లో నేను చెంబు వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. తాత రెండు చేతులతో పట్టుకుని, తల పైకెత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. రమేష్‌బాబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తాత తప్పెట కట్టుకున్నాడు. ఆ రోజు పాట మొదలయ్యాక ఎవరూ కదల్లేదు. ఉక్కపోతకు చొక్కాలు తడిసిపోతుంటే, మధ్యమధ్యలో అదే బావి నీళ్లు అడిగి తాగుతూ ఆడాడు. టిన్ను వ్యానులోనే ఉంది.

ఆట అయిపోయాక చెంబు తెచ్చిన ముసలామె దగ్గరకు వచ్చింది. పేరు జగ్గమ్మ.

"ఏటయ్యా, నువ్వేమో గటగటా తాగినావు. మమ్మల్ని తాగొద్దంటన్నావు. ఇదేటి నాయం?"

తాత గజ్జెలు విప్పుతూ ఆగాడు. "నువ్విచ్చినావని నీ మాట కోసం నాను తాగినానమ్మా. నా మాట కోసం నువ్వు మానీ. అంతే నాయం."

జగ్గమ్మ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. కాళ్ల వాపు కూడా చూసిందనుకుంటాను. మర్నాడు పొద్దున మేం బయలుదేరుతుంటే, ఆమె బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి ఉంది. ఇద్దరు కోడళ్లు ఆమె వెనక ఉన్నారు.

అలా ఎండాకాలం అంతా తిరిగాం. రామతీర్థం దాకా వెళ్లాం. కొన్ని ఊళ్లు మారాయి, కొన్ని మారలేదు. తాతకు ముఖం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి వచ్చేది. మాత్రలు మారాయి. వర్షాలు పడ్డాక కళాజాత ముగిసింది. వ్యాను, టిన్ను వేరే పనికి వెళ్లిపోయాయి. తాత టెక్కలిలో డయాలసిస్ మంచం ఎక్కాడు.

డయాలసిస్ కోసం మోచేతి దగ్గర చిన్న ఆపరేషన్ చేసి నరాలు కలుపుతారు. అక్కడ వేలు పెడితే లోపల ఏదో మోగుతున్నట్టు ఉంటుంది. ఒకరోజు నా వేలు పట్టుకుని అక్కడ పెట్టుకున్నాడు.

"సూడు గుంటా, లోపల తప్పెట కొడతన్నారు. పాట ఎవుడు ఎత్తుకుంటాడో సూడాల."

నవ్వు వచ్చింది నాకు. ఆయన కూడా నవ్వాడు. రమేష్‌బాబు రెండుసార్లు పండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చాడు. రెండోసారి మంచం పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

చలికాలంలో తాత పోయాడు. జట్టు అంతా తప్పెటలు వేసుకుని వచ్చారు. పాట ఎవరు ఎత్తుకోవాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డారు. లక్ష్ముడు గొంతు సవరించుకున్నాడు, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. చివరికి పాట లేకుండా ఉత్త దరువుతోనే తీసుకెళ్లారు.

పదో రోజు జగ్గమ్మ వచ్చింది. ఆమె ఊరి ఆడవాళ్లు ఇద్దరు తోడు ఉన్నారు. జగ్గమ్మ మా అమ్మమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"మా ఊళ్లో ఇప్పుడు బావి కాడికి ఎవలూ ఎల్లరమ్మా. నీ పెనిమిటి మాటే."

అమ్మమ్మ తల ఊపింది. వచ్చినవాళ్లకు దాహమేసింది. నేను గాబులోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. తోడు వచ్చినావిడ ఒక గుక్క తాగి చెంబు దించింది.

"ఇయ్యి బావి నీళ్లలాగున్నాయే?"

"బావియే అమ్మా" అంది అమ్మమ్మ.

"ఆయనా ఇయ్యే తాగీవోడా?"

"ఇయ్యే."

ఆవిడ పక్కనున్న మనిషి వైపు చూసింది. ఇంతలో పిండాల దగ్గరకు రమ్మని అమ్మమ్మను పిలిచారు. ఆ ఆడవాళ్లు బస్సు వేళ అయిందని లేచారు. మాట అక్కడి నుంచే సంతకు చేరి ఉంటుంది.

అది అబద్ధం కాదు. తాత ఇంట్లో బావి నీళ్లే తాగాడు. మా గొల్లవీధి ఊరికి మెరకలో ఉంది. వీధి మొదట్లో కుళాయి దిమ్మ కట్టి, దానికి నీలం రంగు వేసి వెళ్లారు. ఆ కుళాయిలోకి ఇంతవరకు నీళ్లు ఎక్కలేదు.