సాంబారు వాసన వేసిన నీళ్ళు

నిన్న పొద్దున హబ్సిగూడలో మెట్రో దిగి, మెట్ల పక్కనే ఉన్న టిఫిన్ సెంటర్ దగ్గర ఇడ్లీ కోసం నిలబడ్డాను. ఇంట్లో పిండి ఉండగా బయట తినడం రిటైరయ్యాక నాకు అంటుకున్న జబ్బుల్లో ఒకటి. వంటాయన ఇడ్లీ పాత్ర మూత ఎత్తగానే ఆవిరి గుప్పున లేచింది. పక్క పొయ్యి మీద సాంబారు మరుగుతోంది. ఆ రెండూ కలిసిన వాసన మొహానికి తగిలేసరికి నా కాళ్ళు వాటంతటవే రెండడుగులు వెనక్కి పడ్డాయి. వెనకాయన చెప్పు తొక్కాను. "ఏమైంది ఆంటీ, కాలిందా?" అన్నాడు పాపం. నాకేం కాలలేదు. చట్నీతోనే ఇడ్లీ తిని ఇంటికొచ్చేశాను. సాంబారు తింటే కడుపులో మంట కాబట్టి మానేశానని మావారూ పిల్లలూ అనుకుంటారు. వాళ్ళకి అలా చెప్పింది నేనే.

మా బాబాయి, అంటే నాన్నగారి ఆఖరి తమ్ముడు, ఓడల్లో ఆవిరి పుట్టించే మనిషి. కాకినాడలో మా వాళ్ళంతా బడిపంతుళ్ళు, కాకపోతే చర్చిలో పాటలు పాడేవాళ్ళు. ఈయనొక్కడూ ఇరవై ఏళ్ళకే ఓడెక్కి, ఎక్కినవాడు డెక్కు మీద గాలి పీల్చకుండా నేరుగా ఇంజన్ గదిలోకి దిగి, తల నెరిసేదాకా పైకి రాలేదు. పెళ్ళి చేసుకోలేదు. చివరికి ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, రెండు ముంజేతుల నిండా కాలిన మచ్చలూ వెంటబెట్టుకుని తార్నాకలో మా ఇంటి వెనక గదిలో దిగాడు. వచ్చిన వారంలోనే మా ప్రెషర్ కుక్కర్‌ని తనిఖీ చేసి, "దీని వాల్వు ఎప్పుడు మార్చావు అమ్మాయ్?" అని అడిగాడు. నాకు గుర్తులేదన్నాను. ఆ రోజు నుంచి కుక్కర్ పొయ్యి మీద ఉన్నంతసేపూ ఆయన వంటింటి గుమ్మం దగ్గర్నించి కదిలేవాడు కాదు, నన్నూ ప్రశాంతంగా ఉండనిచ్చేవాడు కాదు.

నేను బోటనీ పాఠాలు చెప్పుకునేదాన్ని. ఆవిరంటే నాకు తెలిసింది ఆకుల్లోంచి పోయేది ఒక్కటే. ఓడలో ఆవిరి ఏం చేస్తుందో బాబాయే రాత్రి భోజనాల దగ్గర పచ్చడి గిన్నెల్ని జరిపి మరీ చూపించేవాడు. బాయిలర్లో మంచినీళ్ళు కాగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి ఓడ అడుగున ఉన్న పెద్ద రెక్కల్ని తిప్పుతుంది. చమురు ఓడైతే గొట్టాల్లో తిరుగుతూ చమురు గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచుతుంది, రేవు చేరాక ఒడ్డుకి తోడే పంపుల్నీ అదే నడుపుతుంది, మధ్యలో వంటగదిలో అన్నం కూడా ఉడికిస్తుంది. ఇన్ని చాకిరీలూ అయ్యాక సముద్రపు నీళ్ళతో దాన్ని చల్లబరిస్తే మళ్ళీ నీళ్ళవుతుంది, ఆ నీళ్ళు తిరిగి బాయిలర్లోకే వెళ్తాయి. చుట్టూ సముద్రమున్నా బాయిలర్‌కి ఉప్పునీళ్ళు పనికిరావు కాబట్టి చుక్క కూడా పారబొయ్యరట. అయితే ఆ తిరిగొచ్చే నీళ్ళు ముందుగా అద్దం కిటికీ ఉన్న ఒక చిన్న తొట్టిలో ఆగుతాయి. చమురు గొట్టానికి ఎక్కడైనా చిల్లు పడితే ఆ నీళ్ళ మీద సన్నగా తెట్టు కడుతుంది. గంటగంటకీ లైటు వేసి ఆ అద్దంలోకి చూడటం ఒక మనిషి పని. చాలా ఏళ్ళు అది బాబాయి పనే.

అప్పట్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌ని. ఆరేడు వందల మందికి వంట, అంతా ఆవిరి మీదే. మెస్ వెనక రేకుల షెడ్డులో డీజిల్‌తో మండే బాయిలర్ ఉండేది. అడ్డంగా పడుకోబెట్టిన పీపా, దాని నడుమ మంట మండే గొట్టం, చుట్టూ నీళ్ళు. అక్కణ్ణించి ఆవిరి వంటగదిలోని రెండు పొరల గిన్నెలకి వచ్చి, ఆ పొరల మధ్య తిరిగి, నీళ్ళై కాలవలోకి పోయేది. ఆ ఏడు ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయాయి, ట్యాంకర్ కోసం పడిగాపులు. చక్కటి నీళ్ళు కాలవపాలవుతున్నాయని నాకు ప్రాణం ఉసూరుమనేది. బాబాయి ఓడ కబుర్లు సగం విని, సగమే బుర్రకెక్కించుకుని, ప్లంబర్‌ని పిలిపించి ఆ నీళ్ళు తిరిగి బాయిలర్ ట్యాంకులోకే వెళ్ళేలా గొట్టం వేయించాను. మీటింగులో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో పదిహేను రోజులు నేను నేల మీద నడవలేదు. అద్దం కిటికీ ఉన్న తొట్టి సంగతి నాకసలు తోచనేలేదు.

బాయిలర్ చూసే ఆయన అంబర్‌పేట నుంచి సైకిల్ మీద తెల్లారకముందే వచ్చేవాడు. హాస్టలంతా ఆయన్ని అన్న అనే పిలిచేది, నేను కూడా. మెత్తటి మనిషి, చెప్పిన మాట జవదాటడు. ఒకసారి నన్ను అడక్కుండా బాయిలర్ ఆపి పొద్దుటి ఉప్మా ఆలస్యం చేశాడని అందరి ముందూ కేకలేశాను. అప్పటినుంచి నేను చెప్పందే బర్నర్ స్విచ్ ముట్టుకునేవాడు కాదు. బాబాయి రోజూ తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడకకి వచ్చి, చెట్ల కింద నాలుగడుగులు వేసినట్టు వేసి, ఆ షెడ్డులో తేలేవాడు. ఇద్దరికీ ఒకరి యాస ఒకరికి సగమే అర్థమైనా స్నేహం కుదిరింది. "పెద్దసారు షిప్పు ముచ్చట చెప్తుంటే నాకు టైమే తెల్వదు మేడమ్," అనేవాడు అన్న.

పరీక్షల వారంలో సోమవారం నాడు బాబాయి నా ఆఫీసుకి గాజు గ్లాసు పట్టుకుని వచ్చాడు. అందులో బాయిలర్ ట్యాంకులోంచి పట్టిన నీళ్ళున్నాయి. "వాసన చూడమ్మా," అన్నాడు. చూశాను. నవ్వొచ్చింది. సాంబారు. పైన సన్నగా నూనె పొర, దాని మీద ఒక ఆవగింజ కూడా తేలుతోంది. బాయిలర్‌కి కూడా మా మెస్ భోజనం రుచించిందన్నమాట, అన్నాను. బాబాయి నవ్వలేదు. ఎదురు కుర్చీలో కూర్చుని నిదానంగా చెప్పాడు.

"గిన్నె లోపలి పొర చిట్లింది. ఆవిరి ఉన్నంతసేపూ అదే బయటికి తోస్తుంది, తెలీదు. ఆవిరి కట్టేశాక పొరల మధ్య చల్లబడి ఖాళీ అవుతుంది. అప్పుడు సాంబారుని లోపలికి పీలుస్తుంది. ఆ నూనె వెళ్ళి మంట గొట్టం మీద పొర కడుతుంది. నీళ్ళు గొట్టం ఇనప్పలకకి తగలవు. పలక ఎర్రబడి మెత్తబడుతుంది. చుట్టూ నీళ్ళున్నాయి కదా అని మనం అనుకుంటూ ఉంటాం. ఇవాళే ఆపించు."

శనివారంతో పరీక్షలు అయిపోతాయి, అప్పుడు ఆపిద్దాం అన్నాను. అంతకు ముందు నెలే అన్నం ఉడకలేదని పిల్లలు రోడ్డు మీద కంచాలు మోగించారు. అదొక కారణం. అసలు కారణం ఆ గొట్టం నాది కావడం. ఆపితే ఎందుకు ఆపారని అడుగుతారు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ అప్పుడు నాకు నేనే చెప్పుకోలేదు. బాబాయి గ్లాసు వంక చూస్తూ, "మా ఓడలో కూడా చమురు దించడం అయ్యేదాకా ఆగుదామన్నారు. నాలుగు గంటలే. బర్నర్ దగ్గర ఉన్నవాడు ఒకడు కాలిపోయాడు," అన్నాడు. సర్లే బాబాయ్, అది ఓడ, ఇది మెస్, అన్నాను. ఆయన గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నని పిలిచి, పెద్దాయన మాటలకి కంగారుపడి బాయిలర్ కట్టెయ్యొద్దు, తిరిగొచ్చే నీళ్ళు మాత్రం శనివారందాకా కాలవలోకి వదిలెయ్, అని చెప్పాను. అంతటితో నా బాధ్యత తీరిందనిపించింది. లోపలికి అప్పటికే పోయిన నూనె ఎక్కడికీ పోదని నాకు తట్టలేదు.

మంగళవారం, బుధవారం, గురువారం బాబాయి నడక మానేసి తెల్లారగానే షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి నాతో మాట్లాడేవాడు కాదు. పలకరిస్తే, "ఇవాళ గడిచింది," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. లోపల భయం కూడా వేసేది, కానీ భయపడుతున్నానని ఒప్పుకోవడం కన్నా విసుక్కోవడమే నాకు తేలిక.

శుక్రవారం పొద్దుటి పరీక్షకి నేను హాల్లో ఇన్విజిలేటర్‌ని. ఫోన్లు ఆఫీసులో పెట్టి వెళ్ళాలి. ప్రశ్నపత్రాలు పంచి కూర్చున్నాక, మెస్ వైపు నుంచి పెద్ద గోనెబస్తా మేడ మీంచి పడినట్టు చప్పుడైంది. పిల్లలు తలెత్తి నా వంక చూశారు. "రాసుకోండి," అన్నాను. నిమిషంలో వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

జరిగింది తర్వాత బాబాయి చెప్పాడు. బాయిలర్ పక్కన నీటిమట్టం చూసే గాజు గొట్టంలో నీళ్ళు నురగలు కక్కుతూ పైకీ కిందకీ ఎగరడం మొదలైందట. ఆపెయ్యమన్నాడు బాబాయి. "మేడమ్ చెప్పకుంట నేను బంద్ చెయ్య పెద్దసార్, మీరు జర ఫోన్ కొట్టుండ్రి," అన్నాడు అన్న. బాబాయి మూడుసార్లు చేశాడు. ఇక లాభం లేదని తనే స్విచ్ దగ్గరికి నడిచాడు. ఆ స్విచ్ సరిగ్గా బర్నర్ ఎదురుగా ఉంటుంది. అన్న ఆయన భుజం పట్టుకుని పక్కకి జరిపాడట. "మీరు దూరం ఉండుండ్రి. నేనే బంద్ చేస్త." స్విచ్ నొక్కాడు కూడా. అప్పుడే మంట గొట్టం లోపలికి కుంగి చిరిగి, ఆవిరీ మరిగే నీళ్ళూ ముందు నుంచి బయటికొచ్చేశాయి. నేను ఆఫీసుకి వెళ్ళి నా ఫోన్ చూస్తే మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

మూడో రోజు బాయిలర్ల తనిఖీ అధికారి వచ్చాడు. చల్లారిన గొట్టంలోకి టార్చి వేసి చూసి, వేలితో జిడ్డు గీసి వాసన చూశాడు. తర్వాత నా ఆఫీసులో కూర్చుని, కాగితాలు ముందేసుకుని, "లోపల నూనె పేరుకుంది మేడమ్. ముందుగా ఎవరైనా గమనించారా? మీకెవరైనా చెప్పారా?" అని అడిగాడు. బాబాయి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆలోచించుకుని చెప్పి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలీదు. ఆలోచించకముందే, "లేదండీ, ఎవరూ చెప్పలేదు," అన్నాను. ఆయన రాసుకున్నాడు. నేను బాబాయి వంక చూడకుండా, ఆయన నోరు తెరుస్తాడని ఎదురుచూశాను. అధికారి కాగితం తిప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు. నూనెనీ నీటిమట్టాన్నీ సరిగ్గా గమనించకపోవడం వల్ల, అంటే అన్న అజాగ్రత్త వల్ల, ప్రమాదం జరిగిందని రిపోర్టు వచ్చింది. నా వార్డెన్ పని నాకే మిగిలింది.

మొహం సగం, రెండు చేతులూ కట్లతో అన్న ఆస్పత్రిలో నలభై రోజులున్నాడు. ఒక మధ్యాహ్నం బాబాయీ నేనూ పండ్లు పట్టుకుని వెళ్ళాం. వార్డంతా దూదీ మందూ కలిసిన వాసన. నన్ను చూసి అన్న లేవబోయాడు. "ఇంత దూరం ఎందుకొచ్చిన్రు మేడమ్," అన్నాడు. మళ్ళీ తనే, "నాదే తప్పు. నీళ్ళు సక్కగ చూస్కోలే. మీకు మాట తెచ్చిన," అన్నాడు. అక్కడ చెప్పొచ్చు. వార్డులో మేం ముగ్గురమే కాదు, కానీ చెప్పొచ్చు. నేను బత్తాయి ఒలుస్తూ కూర్చున్నాను. తొక్కతో పాటు తొన కూడా చిదిమేశాను.

బయట ఆటో ఎక్కాం. కాచిగూడ దాటాక, డ్రైవర్‌కి వినపడకుండా బాబాయి చెప్పాడు. "ఆ రోజు ఓడలో తెట్టు నేను చూశానమ్మా. పైవాళ్ళకి చెప్పాను. తర్వాత వాళ్ళు రాయమంటే రిజిస్టర్లో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని రాసింది కూడా నేనే. కాలిపోయినవాడిదే తప్పయింది. మొన్న నీ గదిలో నేను నోరు విప్పాల్సింది. నువ్వు మా అన్నయ్య కూతురివి. రెండోసారి కూడా నోరు మూసుకున్నాను."

ఆ తర్వాత మా ఇంట్లో ఓడ మాట ఎత్తలేదు ఆయన. పోయి నాలుగేళ్ళవుతోంది. అన్న ఇంకా ఉన్నాడు, ఇంట్లో కూర్చుని కాగితపు కవర్లు అతికిస్తాడని విన్నాను, వేళ్ళు సరిగ్గా ముడుచుకోవట. ఆయన ఇంటి గుర్తు నాకు బాగా తెలుసు, ఏ సందులోకి తిరగాలో కూడా. తార్నాక నుంచి అంబర్‌పేటకి ఆటోలో పావుగంట దారి, తొమ్మిదేళ్ళుగా బయలుదేరుతూనే ఉన్నాను.