తేలే చేపకు పాతాళగరిగె

నీళ్ల మీద తేలుతదని డబ్బా మీద రాసి నాకు అమ్మిన చేప మునిగింది.

ఇదీ అన్యాయం. రాసింది ఒకటి, అయింది ఒకటి. అచ్చు అక్షరమే అబద్ధమాడితే నా అసొంటోడు ఎవ్వరిని నమ్మాలె? నేను బడిల చదివింది అయిదు తరగతులు. మిగిలిన చదువంత మిర్చి బజ్జీల పొట్లాలు విప్పి, మడతలు సాపు చేసి, నూనె మరకలు తప్పించుకుంట చదువుకున్నదే. అందుకే అచ్చయిన మాటంటే నాకు అంత గురి. ఆ గురి నన్ను మిరుగం నాడు, వియ్యంకుని ముంగట, మోకాలు లోతు నీళ్లల్ల నిలబెట్టి ఎట్ల ఆగం చేసిందో చెప్త. నవ్వేటోళ్లు నవ్వుండ్రి. నేను మాత్రం నవ్వ. నాకింక కోపం పోలే.

ముందుగాల వియ్యంకుని సంగతి. మా బిడ్డను ఆదిలాబాద్ దిక్కు పెన్‌గంగ ఒడ్డున ఒక ఊరికి ఇచ్చినం. వియ్యంకుని పేరు గంగారాం. మంచి మనిషి. ఆ మంచితనంతోనే నా ప్రాణం తీస్తడు. మిరుగం అంటే మృగశిర కార్తె జొచ్చే నాడు. ఆ నాడు మా దిక్కు చేప ఉడకని ఇల్లుండదు. నిరుడు ఆ పొద్దుకు నేను వాళ్లింట్ల ఉన్న. గంగారాం తెల్లారగట్ల పెన్‌గంగకు పోయి, వల ఇసిరి, మోచెయ్యంత చేప పట్టుకొచ్చిండు. నేను రెండోసారి పులుసు పోయించుకుంటుంటే మెల్లగ అన్నడు:

"తినుండ్రి బావా, మొగమాటపడకుండ్రి. మీ దిక్కు పాపం బజార్ల కొనుక్కోవాలె కదా."

పాపం! ఆ "పాపం" నా గొంతుల ముల్లయి ఇరికింది. చేప ముల్లయితే అన్నం ముద్ద మింగితే దిగుతది. మాట ముల్లుకు ముద్ద ఏడ దొరుకుతది?

"వచ్చే మిరుగానికి మీరు మా ఇంటికి రావాలె బావా," అన్న. "నా చేతుల పడ్డ కొర్రమట్ట చేప తినిపిస్త."

"మీకు చేపలు పట్టుడు వస్తదా?"

"రాదు. ఏడాది టైముంది కదా."

చూసిండ్రా, ఎంత ధీమానో! ఆ ధీమా ఉత్తగ రాలే. నేను నలభై ఏండ్లు సిరిసిల్లల సాంచాలు బాగుచేసినోన్ని. మరమగ్గాన్నే మేము సాంచా అంటం. గోడ అవుతల నిలబడి చప్పుడు విని, ఏ సాంచాకు ఏ రోగమో చెప్పేటోన్ని. అంత ఇనుప యంత్రం నా మాట విన్నంక, జానెడు చేప వినదా?

ఒక పెండ్లికి బల్లార్షా పోయినప్పుడు అక్కడ గాలాల దుకాణంల దొరికింది ఈ ప్లాస్టిక్ చేప. బెత్తెడు పొడుగు, పచ్చటి వీపు, తెరిచిన నోరు. కడుపు కింద ఒకటి, తోక కింద ఒకటి మూడు కొనల ముళ్లు. దుకాణపాయన మన తెలుగాయనే. దాన్ని టబ్బుల ఏసి గుంజి చూపెట్టిండు. నీళ్ల మీద ఎడమకు, కుడికి తల తిప్పుకుంట, కొత్తగ గెలిచిన వార్డు మెంబరు బజార్ల నడిచినట్టు నడిచింది. "గీ నడక చూసే కొర్రమట్ట నీళ్ల కింద నుంచి ఎగిరి మింగుతది పెద్దాయనా," అన్నడు. డబ్బా మీద తెలుగుల కూడ 'నీళ్ల మీద తేలుతది' అని అచ్చయి ఉన్నది. నేను అక్కడనే మనసు పారేసుకున్న.

మిరుగం ఇంక నెల ఉందనంగ మానేరు నీళ్లల్ల ఏసిన. మూడో ఏటుకే కొర్రమట్ట ఎగిరింది! కట్టె వంగింది, నా నడుము వంగింది, గాలం తంగుసు దారం కీసుమన్నది. తర్వాత అంత సల్లబడ్డది. గుంజి చూస్తే తోక కింది ముల్లు మూడు కొనలు సాపయి, మా ఆడోళ్ల జడపిన్ను లెక్క ఉన్నది. చేప పోయింది. అక్కడనే నిలబడి దుకాణపాయనకు ఫోన్ కొట్టిన.

"నీ చేప మంచిదే గని, దానికి పెట్టిన ముళ్లు మైనపు ముళ్లయ్యా!"

"ఎంత చేప తప్పిచ్చుకున్నది పెద్దాయనా?"

"నా కాలంత."

ఆయన ముందుగాల దగ్గిండు. తర్వాత అన్నడు, "సరే. ముళ్లు మార్చుకోవచ్చు. గని జర ఇనుండ్రి. పాత ముల్లు, కొత్త ముల్లు పక్కపక్కన పెట్టి తూకం చూసుకోవాలె. సైజు అదే ఉండాలె, తీగ కొంచెం మందముంటే చాలు. బరువు పెరిగిందంటే దాని నడక చెడుతది. మార్చినంక ఒక్కసారి బొక్కెన నీళ్లల్ల ఏసి చూడుండ్రి, మునుపటి లెక్కనే తేలుతుందో లేదో."

ఫోన్ పెట్టి ఇంటికొచ్చి మా ఇంటామెకు చెప్పి నవ్విన. "బొక్కెనల ఏసి చూడాల్నట! ముంజేతి కంకణానికి అద్దమెందుకు, తేలే చేపకు బొక్కెనెందుకు?"

తెల్లారి కరీంనగర్ పోయిన. వలలు అమ్మే దుకాణంల కూసున్న పిలగానితోని అన్న, "అన్నిటికన్న బలమైన ముళ్లు రెండు తియ్యి."

"దేనికి తాతా, మొసలికా?"

"కొర్రమట్టకు."

వాడు నా మొకం చూసిండు. లోపలికి పోయి, దుమ్ము దులిపి, రెండు చేతులతోని పట్టుకొచ్చి ఇచ్చిండు. నేను అది మర్యాద అనుకున్న. బరువని తర్వాత తెలిసింది.

పాత ముల్లు పీకి, తోకకు కొత్త ముల్లు తగిలిచ్చి గోడ గూటానికి వేలాడదీసిన. మా ఇంటామె వచ్చి చూసింది.

"బాయిల పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె ఎందుకు తెచ్చినవయ్యా? మన బాయి పూడిపిచ్చి పదేండ్లాయె."

"అది గాలం ముల్లు."

"గట్లనా. మరి చేపేది?"

"ముల్లుకే ఉన్నది, మంచిగ చూడు."

కండ్లద్దాలు పెట్టుకొని చూసింది. "అయ్యో, చెవి కన్న కమ్మ బరువుంటే చెవి తెగుతదయ్యా. సాంచాల కాడ నువ్వే ఒర్రుతుంటివి కదా, పోగుల నడుమ దారం మోసుకుంట తిరిగే నాడె మూతికి ఇనుము ఎక్కువయితే అది సక్కగ ఉరకక పోగులన్ని తెంపుతదని. గిప్పుడు నువ్వే గా పని చేస్తివి?"

"నాడె వేరు, చేప వేరు."

"రెండూ ఉరికేటియే కదా."

ఇసొంటప్పుడు మొగోడు ఏం చేస్తడో అదే చేసిన. చాయ్ అడిగిన.

మిరుగం వచ్చింది. ముందు రోజే గంగారాం బావ దిగిండు. పొద్దుగాల ఇంట్ల అందరి ముంగట ప్రకటన చేసిన: "ఇయ్యాల ఈ గడపలకు బజారు చేప వచ్చిందంటే నేను కంచం ముట్ట!" చేప లేదు, ఏరు ముట్టలే, పులుసుకు చింతపండు నానుతున్నది. మసాలా నూరుడు కూడ అయిపోయింది.

తొవ్వల బావకు దుకాణపాయన ముచ్చట చెప్పి మళ్ల నవ్విన. "బొక్కెనల ఏసి చూడాల్నట బావా!" బావ నవ్వలే. "బరాబర్ చెప్పిండు కదా," అన్నడు.

మానేరు ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతున్నది, ఇద్దరు బర్లను కడుగుతున్నరు. జనం ఉన్నరని నాకు ఇంక హుషారొచ్చింది. కట్టె ఎనుకకు గుంజి ఇసిరిన. అంతకుముందు ఆ చేప నీళ్ల మీద ఆకు వాలినట్టు వాలేది. ఇప్పుడు ఇటుకపెల్ల పడ్డట్టు పడ్డది. బర్రె ఒకటి ఉలికిపడి తల తిప్పింది.

చేప నిటారుగ నిలబడ్డది. తోక కిందికి, మూతి మీదికి. గోదావరి స్నానానికి బాసర పోయినోళ్లు ముక్కు పట్టుకొని మెడ దాక దిగి నిలబడతరు చూడుండ్రి, అచ్చం గట్ల. గుంజితే ఎడమకు లేదు, కుడికి లేదు. నిలబడ్డది నిలబడ్డట్టే నా దిక్కు వస్తున్నది.

"బావా," అన్నడు గంగారాం, "ఇది నడుస్తదంటిరి?"

"నడుస్తది. ఇప్పుడు ఆలోచిస్తున్నది."

"బరువంత తోకకే అయింది బావా."

ఇక్కడనే నా నలభై ఏండ్ల బుర్ర పనిచేసింది. తోకకు బరువైతే ఏం చెయ్యాలె? కడుపుకు అంతే బరువు పెట్టాలె! తక్కెడల రెండు దిక్కుల సమానం పెడితే ముల్లు నడుమకు రాదా? జేబుల ఉన్న రెండో పాతాళగరిగె తీసి కడుపు కింద తగిలిచ్చిన.

"బావా, ఒద్దు," అన్నడు గంగారాం.

"మీరు చూడుండ్రి బావా."

ఇసిరిన. ఈసారి చేప నిటారుగ నిలబడలే. బరాబర్ అడ్డంగ, ఇటు ఒక్క నూలుపోగంత వంగకుండ, అటు ఒక్క నూలుపోగంత వంగకుండ మునిగింది. సమానం విషయంల నన్ను ఎవ్వడు వేలెత్తి చూపలేడు. నలభై ఏండ్ల అనుభవం ఎటు పోతది?

"అరే బాప్‌రే," అన్నడు బావ.

"లోపలికి పోయి చేప ఏడున్నదో చూసొస్తది," అన్న. నోటికి ఏదో ఒకటి రావాలె కదా.

గుంజిన. రాలే. బలంగ గుంజిన. కట్టె వంగింది. "పడ్డది బావా! పెద్దది!" అని ఒర్రుకుంట మోకాలు లోతుకు దిగిన. బర్లు కడిగేటోళ్లు బర్లను ఇడిసిపెట్టి ఒడ్డుకొచ్చిండ్రు. బావ నా నడుము పట్టిండు. ఇద్దరం ముసలోళ్లం కలిసి గుంజితే బురద కక్కుకుంట మీదికొచ్చింది. కొర్రమట్ట కాదు. ఒక ఇనుప బొక్కెన.

బట్టలు ఉతికే ఆమె ఒక్కటే ఉరికొచ్చింది. "తాతా, గది మా బొక్కెనే! నిరుడు పోయింది. మా అత్త ఏడాది సంది తిడుతున్నది నన్ను. నీ కడుపు సల్లగుండ!"

పాతాళగరిగె పాతాళగరిగె పనే చేసింది. ఒక మాట రాసిపెట్టుకోండ్రి: అంత బొక్కెన మోసినా ముల్లు కొన ఒక్కటి వంగలే. ముళ్లు కొనుడుల నేను తప్పు చేయలే.

గంగారాం బావ బొక్కెనను కడిగి, నిండ నీళ్లు ముంచి, నా ముంగట పెట్టి చాన మర్యాదగ అడిగిండు:

"బావా, బొక్కెన దానంతట అదే వచ్చింది. ఏసి చూద్దామా?"

ఏసినం. మునిగింది. అందరు చూసిండ్రు. ఒక బర్రె కూడ వంగి చూసింది.

ఇంటికొచ్చేసరికి పొద్దెక్కింది. మా ఇంటామె సంచి తీసుకొని బజారుకు పోయింది. మిరుగం నాడు పదయితే బజార్ల చేప పొలుసు కూడ మిగలదు. ఉత్త సంచితోని తిరిగొచ్చి, ఆ మసాలలనే, ఆ చింతపండు పులుసులనే కోడిగుడ్లు ఏసింది. చేప తిననోళ్లు మిరుగం నాడు తినే ఇంగువ బెల్లం ఉండ బావ చేతుల పెట్టి, "ఏమనుకోకు అన్నా," అన్నది. బావ ఉండ నోట్లె ఏసుకొని, గుడ్ల పులుసు కలుపుకొని, "మంచిగున్నది చెల్లే," అన్నడు. నన్ను ఒక్క మాట అనలే. "పాపం" అని కూడ అనలే. అంటే బతికిపోదును!

బావ ఏమి అనకపోయేసరికి నా కోపానికి తొవ్వ దొరకలే. అది కాయిదం మీద పడ్డది. బల్లార్షా దుకాణానికి నాలుగు పేజీల ఫిర్యాదు రాసిన. "తేలుతదని అచ్చేసి మునిగేది అమ్ముట న్యాయమా" అని మొదలుపెట్టిన. ముళ్లు మార్చిన సంగతి స్థలం చాలక రాయలే. ఫిర్యాదంటే సాక్షి ఉండాలె కదా. బావను సంతకం పెట్టమన్న.

"చేప మునిగినట్టు మీరు కండ్లార చూసిండ్రు కదా బావా?"

"చూసిన."

"గదే రాయుండ్రి."

గంగారాం చిన్నప్పుడు చదివింది మరాఠీ బడిల. వాళ్ల సరిహద్దు ఊర్లల్ల అది మామూలే. పెన్ను తీసుకొని సంతకం పైన కలిపిరాతల మూడు వరుసలు మరాఠీల రాసిండు. నాకు ఆ అక్షరాలు రైలు స్టేషన్ బోర్డు మీద ఉన్నంత పెద్దగుంటేనే వస్తయి. ఆ ముచ్చట వియ్యంకునికి చెప్తనా? కాయిదం చెయ్యి చాపినంత దూరం పట్టుకొని, తల ఊపి, "మంచిగ రాసిండ్రు బావా, గట్టిగ రాసిండ్రు," అన్న. చేపను, ముళ్లను, కాయిదాన్ని డబ్బాల పెట్టి రిజిస్టరు పోస్టు చేసిన.

గోదావరి తల్లి మీద, నేను బాగుచేసిన ప్రతి సాంచా మీద ఒట్టేసి చెప్తున్న. ఇగ నా బొందిల ప్రాణమున్నంత కాలం పాత ముల్లు పక్కన పెట్టి తూచకుండ కొత్త ముల్లు తగిలియ్య. బొక్కెనల తేలిన చేపనే మానేరుల ఏస్త. మా ఇంటామె చెవి కమ్మల ముచ్చట తెస్తే చాయ్ అడగ. చదవరాని కాయిదం చూసి తల ఊప. ఈ ఆఖరి ఒట్టు ఎందుకో, ఇరవై రోజులకు దుకాణం నుంచి వచ్చిన ఈ జవాబు చదివితే మీకే తెలుస్తది:

"పెద్దాయనకు నమస్కారం. మీ నాలుగు పేజీలు అందినయి, చేప కూడ అందింది. దానికున్న ముళ్లు మావి కావు. అవి తీసి, మా ముళ్లు తగిలిచ్చి బొక్కెనల ఏసినం, తేలింది. అదే సైజు, కొంచెం మందం తీగ ముళ్లు రెండు పెట్టి పంపుతున్నం. ఇవి కొర్రమట్టకు వంగవు, చేపను ముంచవు. మీ సాక్షి మరాఠీల రాసింది దుకాణంల అందరం చదివినం. మీరే డబ్బాల పెట్టి పంపిండ్రంటే చదివే ఉంటరు, అయినా తెలుగుల రాస్తున్నం: 'చేప మునిగిన మాట నిజం. ముళ్లు మార్చింది మా బావ. చెప్తే మనసు నొచ్చుకుంటడు, చెప్పకుండ్రి. దయచేసి తగిన ముళ్లు రెండు పంపుండ్రి. వచ్చే మిరుగానికి కూడ ఆయన నన్ను పిలిచిండు. నేను మళ్ల గుడ్లు తినలేను.'"